ఆరో తరగతి నుంచే పబ్లిక్ మోడల్‌లో భాషా పరీక్షలు పెట్టవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా కొత్తగా చేరారు. ఆరో తరగతి నుంచే స్లిప్ టెస్టులన్నీ (క్లాసులో పెట్టే చిన్న పరీక్షలన్నీ) పదో తరగతి పబ్లిక్ పేపర్ మోడల్‌లో పెట్టమని హెచ్‌ఎం గారు చెప్పారు. తల్లిదండ్రులు కూడా అదే కోరుతున్నారు. "పిల్లలకు మార్కులు బాగానే వస్తున్నాయి మేడం, సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే మాత్రం రావడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?" అన్నారు.

మీ అనుమానం నిజమే. 6, 7, 8 తరగతుల్లో పబ్లిక్ మోడల్ పెట్టకండి. తొమ్మిదిలో ఫిబ్రవరి తర్వాత ఒకటి రెండుసార్లు పేపర్ ఎలా ఉంటుందో చూపిస్తే చాలు. పదో తరగతిలో డిసెంబరు దాకా సగం మోడల్, సగం మీ సొంత ప్రశ్నలు. జనవరి నుంచి పూర్తిగా మోడల్ పెట్టండి, అప్పుడు పెట్టకపోతే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను కడప జిల్లాలో 23 ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను, మూడు మండలాల్లో పనిచేశాను. మొదటి ఎనిమిదేళ్లు మీ హెచ్‌ఎం గారు చెప్పినట్టే చేశాను. నా క్లాసులో ఆరో తరగతి పిల్లల స్లిప్ టెస్టు కూడా పదో తరగతి పేపర్‌కు చిన్న నకలులా ఉండేది. రిజల్ట్ బాగా వచ్చేది, మండల మీటింగులో మెచ్చుకునేవారు. నాకూ అదే సరైన దారి అనిపించేది.

నా ఆలోచన మారింది స్పాట్ వాల్యుయేషన్‌లో, అంటే పబ్లిక్ పేపర్లు దిద్దే చోట. స్పాట్‌కు ఇప్పటికి పదకొండుసార్లు వెళ్లాను. రోజుకు 40 పేపర్లు దిద్దాలి. ఒక ఏడాది ఊళ్లో ఉన్న సమస్య మీద పత్రిక సంపాదకుడికి లేఖ రాయమని ప్రశ్న వచ్చింది. ఒకే బండిల్‌లో వరసగా పదిహేడు మంది, స్నేహితుడిని పెళ్లికి పిలుస్తూ రాసిన ఉత్తరాన్ని దించేశారు. అక్షరం తేడా లేదు, కామాలు కూడా ఒకే చోట ఉన్నాయి. తేదీ ఉంది, సంబోధన ఉంది, కింద సంతకం ఉంది, కవరు మీద చిరునామా కూడా ఉంది. ప్రిన్సిపల్స్ ఆఫ్ వాల్యుయేషన్ (దిద్దేవాళ్లకు ఇచ్చే నియమాలు) ప్రకారం ఆకారానికి మార్కు పడుతుంది, వేశాం. ఆ పదిహేడు మందిలో ఒక్కరు కూడా ప్రశ్న చదవలేదని నాకు తెలుస్తూనే ఉంది. చదవాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. 'లెటర్' అన్న మాట కనపడగానే చేతిలో ఉన్నది రాసేశారు.

అవి ఎక్కడి పిల్లల పేపర్లో నాకు తెలియదు. కానీ జూన్‌లో బడి తెరిచాక నా సొంత క్లాసుకే ఒక పరీక్ష పెట్టి చూశాను. మా ఊళ్లో ఆ వేసవిలో బోర్లు ఎండిపోయాయి, పిల్లలే బిందెలు మోశారు. దాని గురించి ఎంపీడీవో గారికి ఇంగ్లీషులో ఐదు వాక్యాల అర్జీ రాయమన్నాను. క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి దోమల బెడద మీద ఉన్న గైడు లెటర్ రాసి తెచ్చింది. "నీళ్ల గురించి కదమ్మా అడిగినాను" అంటే, "నీళ్లది మనం నేర్చుకోలేదు కదా మేడం" అంది. ఆ పాప ఆరో తరగతి నుంచి నా దగ్గరే చదివింది.

ఇక కారణాల్లోకి వస్తాను. పబ్లిక్ పరీక్షకూ మన స్లిప్ టెస్టుకూ పని వేరు. రాష్ట్రమంతా దాదాపు ఆరు లక్షల మంది పిల్లలను ఒకే కొలతతో, మూడుగంటల పదిహేను నిమిషాల్లో కొలవాలి. దిద్దేవాళ్లు ఆ పిల్లవాడి ముఖం ఎప్పుడూ చూడరు. ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలి కాబట్టి ప్రశ్నలను చిన్న చిన్న ముక్కలు చేస్తారు, జవాబులు ముందే రాసిపెడతారు, కాగితం మీద కనపడేదే అడుగుతారు. వినడం, మాట్లాడడం అందులో లేవు. అంతమందికి పెట్టే పరీక్ష అలాగే ఉంటుంది, దాన్ని తప్పుపట్టను. మీ ముందున్నది నలభై మంది. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రేపటి పాఠానికి ముందు మీకు తెలియాలి. ఆరు లక్షల మంది కోసం చేసిన కొలతబద్దతో ఆ సంగతి తెలియదు.

దీన్ని వాష్‌బ్యాక్ అంటారని నాకు ఇంగ్లీషు టీచర్లకు బెంగళూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ట్రైనింగ్‌లోనే తెలిసింది. చివరన ఉన్న పెద్ద పరీక్ష వెనక్కి వచ్చి కింది తరగతుల పాఠాలనూ, పరీక్షలనూ మార్చేయడం. 1980ల చివర శ్రీలంకలో మన పదో తరగతి పబ్లిక్ లాంటి ఓ-లెవెల్ ఇంగ్లీషు పరీక్షను మంచి ఉద్దేశంతోనే మార్చారు. దాని ప్రభావాన్ని వాల్, ఆల్డర్సన్ అనే ఇద్దరు క్లాసుల్లో కూర్చుని చూసి 1993లో రాశారు. టీచర్లు ఏం చెబుతున్నారో అది మారింది, క్లాసు టెస్టుల రూపం మారింది, చెప్పే తీరు మాత్రం మారలేదట. అది విన్నప్పుడు మా బడినే చూసి రాశారా అనిపించింది నాకు.

పబ్లిక్ మోడల్ వల్ల పిల్లల చదవడంలో వచ్చే ఒక మార్పును మీరు కూడా వెంటనే పట్టుకోవచ్చు. పదం పట్టుకుని వాక్యం ఎత్తేయడం అంటాను నేను. ఒక ఏడాది ఎనిమిదో తరగతికి నేనే చిన్న పాసేజ్ రాశాను. బోరు ఎండిపోవడంతో ఒక రైతు ఎద్దులను అమ్మేశాడు, ఆ సంవత్సరం కూతురు బడికి రాలేదు అని ఇంగ్లీషులో ఓ ఎనిమిది వాక్యాలు. మొదటి ప్రశ్న, రైతు ఎద్దులను ఎందుకు అమ్మాడు? 38 మందిలో 35 మంది సరిగ్గా రాశారు. రెండో ప్రశ్న, ఆ ఇంటికి వచ్చిన కష్టమేంటి? 31 మంది ఖాళీగా వదిలేశారు. కష్టం అన్న మాట పాసేజ్‌లో లేదు. మొదటి ప్రశ్నలో 'ఎద్దులు' అన్న మాట దొరికింది కాబట్టి ఆ వాక్యం దించారు. ఎద్దులు ఎందుకు పోయాయో చాలామందికి అర్థమే కాలేదు. వాళ్లలో సగం మంది ఇళ్లలో అదే జరిగింది, అయినా కాగితం మీద చదివినప్పుడు గుర్తుపట్టలేకపోయారు. అప్పటిదాకా ఆ పిల్లలకు రీడింగ్‌లో 70, 80 శాతం మార్కులు వేసి రిజిస్టర్‌లో ఎక్కించాను.

అప్పటినుంచి నాది ఒకటే నియమం. నేను రాసే ప్రశ్నల్లో కనీసం సగం పాసేజ్‌లో లేని మాటలతోనే ఉండాలి. ఇది ఖర్చు లేని పని, ఈ వారమే మొదలుపెట్టొచ్చు. మొదట మార్కులు పడిపోతాయి. పడిపోనివ్వండి, మూడో నెలకల్లా పిల్లలు వాక్యం మొత్తం చదవడం మొదలుపెడతారు.

తెలుగు గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. అక్కడ నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ భాష పిల్లలకు వచ్చు. మా తెలుగు పండిట్ గారూ నేనూ కలిసి ఒకసారి తొమ్మిదో తరగతిని కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాం. బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసిన ఇంగ్లీషు అధికారి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, ఆయన ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. తిరిగి వచ్చాక పిల్లలను ఒక్కొక్కరినీ చూసింది చెప్పమన్నాం. తెలుగులో ఎప్పుడూ 40 దాటని ఒక పిల్లోడు, "తాటాకు మింద గంటంతో గీకి, మసి పూసి తుడిస్తే అచ్చరాలు నల్లగ తేలతాయంట సార్, ముట్టుకుంటే పొడి రాలిపోతాదేమో అని బయమైంది" అని చెప్పాడు. క్లాసంతా నోరు తెరుచుకుని విన్నది. అదే రాయమంటే వాడు రాసింది ఇదీ: "బ్రౌన్ గారు గొప్ప వ్యక్తి. వారు తెలుగు భాషకు చేసిన సేవలు మరువలేనివి. వారి రచనలు సరళంగా ఉంటాయి." కవి పరిచయం ప్రశ్నకు బట్టీ పట్టిన మూడు వాక్యాలు అవి. తాటాకు లేదు, మసి లేదు, భయం లేదు. పండిట్ గారు ఆ కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు.

వాడికి తెలుగు రాదని ఏ పరీక్ష చెప్పినా నేను నమ్మను. ఏడో తరగతి నుంచి అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అంటూ పబ్లిక్ పేపర్ విభాగాల్లోనే పరీక్షలు రాయించాం. పేపర్ తయారుచేసిన వాళ్ల ఉద్దేశం సృజనాత్మకతే. మన దగ్గరకు వచ్చేసరికి అది 'ఎనిమిది మార్కుల ప్రశ్న' అయిపోయింది. పర్యాయపదాలు, నానార్థాలు, వ్యుత్పత్త్యర్థాలు బిట్ల కోసం అప్పజెప్పించుకుంటాం. ఆ పిల్లోడి సొంత మాటకు ఎక్కడా చోటు దొరకదు.

ఇంటర్నల్ మార్కులతో ఇది బాగుపడుతుందా అంటే, మన రాష్ట్రంలో అది కూడా చూశాం. కొన్నేళ్లు పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్‌కు, 20 ఇంటర్నల్‌కు ఉండేవి. ఇంటర్నల్ కోసం బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనకు, ప్రాజెక్టుకు, రాత అంశాలకు, లఘు పరీక్షకు మార్కులు ఉండేవి. కాగితం మీద చాలా మంచి పద్ధతి. మాట్లాడించడానికీ, కథలు చదివి చెప్పించడానికీ అందులో చోటు ఉంది. కానీ ఆ 20 ఫైనల్ రిజల్ట్‌లో కలుస్తాయి కాబట్టి, పక్క బడివాళ్లు అందరికీ 20 వేస్తుంటే మన పిల్లలకు 14 వేయడానికి ఏ టీచరుకు చేయి వస్తుంది? నేనూ వేశాను, 19, 20. ప్రాజెక్టులు ఒకరిని చూసి ఒకరు రాసినవని తెలిసే వేశాను. 2019లో ఆ 20 తీసేసి మొత్తం వందా పబ్లిక్‌కే ఇచ్చారు. నాకు అర్థమైంది ఏంటంటే, క్లాసు పరీక్ష మార్కు రిజల్ట్‌లో కలిసిన రోజు నుంచి అది నిజం చెప్పడం మానేస్తుంది. అందుకే మీ వారపు టెస్టుల మార్కులు ఎక్కడికీ పంపకండి, గోడకు అంటించకండి, ర్యాంకులు వేయకండి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్, టర్ము చివరి) పేపర్లు ఎలాగూ పైనుంచే వస్తాయి, ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సినవి అవే. వారపు స్లిప్ టెస్టు ఒక్కటే మీ చేతిలో ఉంది.

ఇంత చెప్పానని పబ్లిక్ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. మా దగ్గరి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకు వెనకబాటును లెక్కలోకి తీసుకుని 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. కూలికి పోయే ఇంటి నుంచి ఒక పిల్ల ఇంజినీరింగ్‌కు వెళ్లడానికి అంతకన్నా సులువైన దారి మా మండలంలో లేదు. అక్కడ ఇంగ్లీషులో నాలుగు మార్కులు తగ్గినా తేడా వస్తుంది. కాబట్టి జనవరి వచ్చాక డిస్కోర్సుల (లేఖ, సంభాషణ లాంటి రాతల) ఆకారాలు, ఇన్ఫర్మేషన్ ట్రాన్స్‌ఫర్ (పట్టికలో ఉన్నదాన్ని వాక్యాలుగా రాయడం లాంటివి), గ్రామర్ బిట్లు, టైమ్ ప్రకారం రాయించడం, అన్నీ నేను కఠినంగానే చేయిస్తాను. వంద రోజుల ప్రణాళికలో ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లు నేనే తీసుకుంటాను.

ఇంకో మాట. కరోనా వల్ల 2020, 2021 రెండేళ్లూ పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. పరీక్ష లేకపోతే మేం స్వేచ్ఛగా భాష నేర్పాలి కదా? నేర్పలేదు. పరీక్ష ఉండదేమో అన్న మాట చెవిన పడగానే క్లాసు టెస్టులు కూడా ఆగిపోయాయి, పిల్లలు పుస్తకం తీయడం మానేశారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన బ్యాచ్‌లో పేరా చదవలేని వాళ్లు ఎంతమందో చూసి ఏడుపొచ్చింది. పెద్ద పరీక్ష తోసే తోపుడు మనకూ పిల్లలకూ అవసరమే. అది ఎటువైపు తోస్తోందన్నదే చూసుకోవాలి.

అడిగే విషయాన్ని బట్టి ఆ తోపుడు మంచివైపు కూడా పోతుందని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 2023-24లో ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 9 తరగతులకు టోఫెల్ అనే అంతర్జాతీయ ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, తర్వాత అది ఆగిపోయింది కూడా. కానీ అందులో వినడం ఒక భాగం. ఆ ఒక్క కారణంతో, నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి మా బడిలో ఇంగ్లీషు ఆడియో వినిపించారు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులోని పెద్ద డిజిటల్ తెర) చుట్టూ పిల్లలు చేరి, అర్థం కానప్పుడు "ఇంగోసారి మేడం, ఇంగోసారి" అని అడిగేవారు. ఆ ఏడాది పరీక్షలో ఉంది కాబట్టి విన్నారు, మరుసటి ఏడాది లేదు కాబట్టి ఆగిపోయింది. నేను మాత్రం ఆపలేదు. శుక్రవారం ఆఖరి పీరియడ్ వినిపించి రాయించడం ఇప్పటికీ చేస్తున్నాను.

నా వారపు టెస్టు ఇప్పుడు ఎలా ఉంటుందంటే, అర పేజీ. ఊరికి సంబంధించిన పాసేజ్ నేనే రాస్తాను, లేదా మందుల డబ్బా మీది సూచనలో, బస్టాండు బోర్డో, విత్తనాల సంచి మీది రాతో తెస్తాను. నాలుగు ప్రశ్నలు, వాటిలో రెండు దొరకని మాటలతో. తర్వాత మూడు వాక్యాలు సొంతంగా రాయాలి, విషయం అప్పటికప్పుడు చెబుతాను, కాబట్టి ముందే బట్టీ పట్టే వీలుండదు. స్పెల్లింగుకు మార్కు కోయను, చెప్పదలుచుకున్నది నాకు అర్థమైతే మార్కు. మాట్లాడే పరీక్షకు వారానికి ఐదుగురినే పిలుస్తాను, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు. నలభై మందిని రెండు నెలల్లో చుట్టేయొచ్చు. దిద్దేటప్పుడు మార్కుల కన్నా, పక్కన ఒక పాత నోటుబుక్కులో 'వీడికి ప్రశ్న అర్థం కాలేదు', 'ఈమెకు అర్థమైంది, మాట దొరకలేదు' అని రాసుకుంటాను. మార్కు చూస్తే ఇద్దరికీ సున్నే, సోమవారం ఇద్దరికీ చెప్పాల్సింది వేరు.

మీ ప్రాంతానికి సంబంధించి రెండు విషయాలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఆలూరు, హొళగుంద వైపు చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. మీ పిల్లల్లో కొందరికి తెలుగే బడి భాష, ఇంగ్లీషు మూడోది. ఆరో తరగతిలో ప్రశ్న ఏంటో తెలుగులో చెప్పి, అవసరమైతే పక్క పిల్లతో కన్నడంలో చెప్పించి, జవాబు ఇంగ్లీషులో రాయనివ్వండి. ప్రశ్నే అర్థం కాని పిల్లను జవాబు రాలేదని లెక్కేయకూడదు. రెండోది సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. పంటల కాలంలో మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు పోయే కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడికి రారు. తిరిగి వచ్చిన పిల్లకు వచ్చిన రోజే మోడల్ టెస్టు పెడితే సున్నా వస్తుంది, ఆ సున్నా చూసి ఆ పిల్ల మళ్లీ రాదు. ముందు పోయిన ఊళ్లో ఏం చూసిందో చెప్పమనండి, చెప్పినదాన్ని మీరే మూడు ఇంగ్లీషు వాక్యాలుగా బోర్డు మీద రాసి చదివించండి. నాకు తెలిసి ఆ పిల్లకు అంతకన్నా మంచి పరీక్ష లేదు.

హెచ్‌ఎం గారితో వాదన పెట్టుకోకండి, కొత్తగా చేరారు. ఒక్క ఏడో తరగతికి మాత్రం ఎస్‌ఏ-1 దాకా మీ పద్ధతిలో చేస్తానని అడగండి. జూన్‌లో పిల్లలు సొంతంగా రాసిన కాగితాలు దాచిపెట్టి, అక్టోబరులో రాసినవి పక్కన పెట్టి చూపించండి. మా హెచ్‌ఎం గారు నా మాట విన్నది అలా కాగితాలు చూశాకే. తల్లిదండ్రులకు మార్కుల లెక్క చెప్పకండి, మీటింగు రోజు పిల్లతోనే ఏదైనా చదివించండి. మా ఊళ్లో ఒక తల్లి కూతురు మందు చీటీ చదివి "ఇది తిన్నాక వేసుకోవాలమ్మా" అనడం విని, మళ్లీ నన్ను మోడల్ పేపర్ గురించి అడగలేదు.

మీ ఏడో తరగతి కోసం మొదటి అర పేజీ రాసుకున్నాక ఇక్కడే పెట్టండి. ప్రశ్నల్లో పాసేజ్ మాటలు ఎక్కడెక్కడ దొర్లాయో చూసి చెబుతాను, మొదట్లో అవి మన కంటికి కనపడవు.